గేరు సైకిలు: పోషకులకొక మనవి

(పాఠశాల పోషకుల సమావేశమున గావింపబడిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలయందు విద్యను గూర్చియో, మాతృభాషను గూర్చియో, శీలసంపదను గూర్చియో ప్రసంగించుట ఆచారము. మేము నేడు ఆ ఆచారమును కొంత తప్పి, సైకిలు వెనుక చక్రము ప్రక్కన వ్రేలాడుచుండు ఒక చిన్న పరికరమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయనెంచినాము. దానికి డిరైలరని పేరు. మీ బిడ్డలు దానిని గేరు మార్చునదియని యందురు. అది విరిగినప్పుడు ఏమి చేయవలెను, దానికి మారుగా ఏది కొనవలెను, బాలురు కోరుచున్నట్లు సైకిలు భాగములను మేలైనవానిగా మార్చుట ఎంతవరకు తగును అను మూడు ప్రశ్నలే నేటి విషయము.

ఇది బడికి సంబంధింపని సంగతి యని తలంపవలదు. మన వంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాలలు వీధికొకటి యుండవు. 1956వ సంవత్సరమున ఏడవ సవరణచే రాజ్యాంగమున జేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును, ప్రతి స్థానిక సంస్థకును విధించుచున్నది. బోధనకు సౌకర్యము కలిగినను, బడికి చేరు దారిని మాత్రము ఇంటివారే చూచుకొనవలసియున్నది. మన విద్యార్థులు పెక్కుమంది తమ యింటికి దగ్గరనున్న రెండు మూడు బడులను దాటి మన బడికి వచ్చుచున్నారు. హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతముల నేల ఎత్తుపల్లములతో కూడినది. అందుచేత గేర్ల సైకిలు కొనియిచ్చిన తల్లిదండ్రులను ఆడంబరమునకు పోయిరని నిందింపరాదు. అయితే ఆ సైకిలు ఆగిన దినమున బిడ్డ బడికి రాడు. వారము గడచునప్పటికి, ‘ఇంత దూరమేల, దగ్గరి బడిలో చేర్పింతము’ అను మాట ఇంటిలో పుట్టును. ఆ మాట పుట్టకుండ చూచుటయే మా యుద్దేశము.

గత వర్షకాలమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు పదునొకండు దినములు బడికి రాలేదు. సైకిలు గేరు విరిగినదని కబురు వచ్చినది. దుకాణమువారు గేర్లు, చైను, పళ్ళ చక్రములు, మీటలు అన్నియు మార్చవలెననిరట. తండ్రి పూలతోటలో పనిచేయువాడు. అంత సొమ్ము ఆ నెలలో ఆయనకు సమకూరలేదు. తుదకు మన ఉపాధ్యాయులలో ఒకరు పోయి చూడగా, డిరైలరును చట్రమునకు తగిలించు బొటనవ్రేలంత అల్యూమినియపు ముక్క మాత్రమే విరిగియున్నది. డిరైలరు చెక్కుచెదరలేదు. కొన్ని వందల రూపాయలతో, ఒక్క సాయంకాలములో, పని ముగిసినది. పదునొకండు దినముల పాఠములను మాత్రము ఆ బాలుడు నేటికిని పూర్తిగా అందుకొనలేకున్నాడు.

ఈ పరికరము పుట్టుకను గూర్చి కొంచెము వినుడు. దానివలన తరువాతి మాటలు తేలికగా బోధపడును. ఫ్రాన్సు దేశమున ‘వెలోసియో’ అను కలము పేరుతో ప్రసిద్ధుడైన పాల్ ద వివీ, కొండదారులలో పయనించువారికి గేర్లు కావలెనని ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలోనే పట్టుదలతో వాదించెను. అయినను టూర్ ద ఫ్రాన్స్ పందెమున డిరైలరు వాడుటకు 1937 వరకు అనుమతి లేకుండెను. 1950 ప్రాంతమున ఇటలీలోని కంపాన్యోలో సంస్థ నాలుగు కీళ్ళతో సమాంతర చతుర్భుజమువలె కదలు డిరైలరును ప్రచారమునకు తెచ్చినది. 1964లో జపానులోని మయెడా సంస్థ, సన్‌టూర్ అను పేరిట, ఆ చతుర్భుజమును వాలుగా నమర్చి, చిన్న పళ్ళ చక్రము క్రిందను పెద్ద పళ్ళ చక్రము క్రిందను డిరైలరు ఇంచుమించు సమానమైన దూరమున నడచునట్లు చేసినది. 1984లో షిమానో సంస్థ, మీట ‘టిక్కు’మనినంతనే సరిగా ఒక్క గేరు మారు ఏర్పాటును విజయవంతముగా ప్రవేశపెట్టినది. ఇక మౌంటెన్ సైకిలు అమెరికాలో పుట్టినది. 1970లలో కాలిఫోర్నియాలోని టమల్‌పయస్ కొండ మట్టిదారులలో యువకులు పాత సైకిళ్ళకు లావు టైర్లు తగిలించి దిగుచుండిరి. 1981లో స్పెషలైజ్డ్ సంస్థవారి స్టంప్‌జంపర్ పెద్ద సంఖ్యలో తయారై అంగళ్ళకు వచ్చినది. నేడు మన పిల్లలు తొక్కుచున్న లావు టైర్ల సైకిళ్ళు ఆ వంశములోనివే.

డిరైలరు చేయు పని రెండు విధములు. వెనుకనున్న పళ్ళ చక్రములలో ఒకదానినుండి మరియొకదానిపైకి చైనును త్రోయుట మొదటిది. పెద్ద చక్రమునుండి చిన్న చక్రమునకు వచ్చినప్పుడు మిగిలిన చైను జారిపోకుండ బిగియపట్టుట రెండవది. మీటనుండి వచ్చు తీగ దానిని ఒక వైపునకు లాగును. లోపలి స్ప్రింగు రెండవ వైపునకు లాగును. క్రింద రెండు చిన్న చక్రములు గల పంజరము చైనును మోయును. ఇదంతయు చట్రమునకు ఒక కొక్కెముచేత వ్రేలాడుచుండును. దానినే హ్యాంగరందురు. మేలురకపు సైకిళ్ళలో ఇది వేరుగా ఊడదీయదగిన మెత్తని లోహపు ముక్క. దెబ్బ తగిలినప్పుడు చట్రము చెడకుండ తాను వంగునట్లును, విరుగునట్లును దానిని బుద్ధిపూర్వకముగనే అట్లు చేసిరి. తక్కువ వెల సైకిళ్ళలో అది ఉక్కు చట్రములోనే భాగమై యుండును, లేదా ఇరుసుతో కలిపి బిగింపబడి యుండును.

ఇది విరుగుట ఆకస్మికమని తోచును గాని, పెక్కుసారులు ఆ కథ కొన్ని దినములకు ముందే మొదలైయుండును. సైకిలు కుడివైపునకు పడును. లేక బడి సైకిళ్ళ షెడ్డులో ఒకదానిపై నొకటి ఒరిగి పడును. హ్యాంగరు కొంచెము లోపలికి వంగును. బాలుడు దానిని గమనింపడు. మరునాడు మిట్టయెక్కుటకై అన్నిటికంటె తేలికయైన గేరునకు మార్చును. అప్పుడు డిరైలరు చక్రమునకు మిక్కిలి దగ్గరగా జరుగును. వంగియున్నందున దాని పంజరము చక్రపు పుల్లలలో చిక్కుకొనును. తిరుగుచున్న చక్రము దానిని పైకి లాగి, మెలిపెట్టి, తెంపివేయును. పెద్ద పళ్ళ చక్రముమీద నున్నప్పుడు వెనుకనుండి ‘టిక్ టిక్’ మని పుల్లలు తగులు చప్పుడు వినబడినచో అదియే హెచ్చరిక. ఆ చప్పుడు విన్న దినముననే ఆ గేరు వాడుట మానవలెను. సైకిలు వెనుకకు నిలిచి చూచినచో, డిరైలరులోని రెండు చిన్న చక్రములును పైనున్న పళ్ళ చక్రముతో ఒక్క నిలువు గీతలో నుండవలెను. క్రింది భాగము లోపలికి ఒరిగియున్నచో హ్యాంగరు వంగినదని యర్థము. ఇది చూచుటకు పనిముట్టు అక్కరలేదు, కన్ను చాలును.

దారిలో విరిగినచో బాలుడు చేయవలసినది ఏమి? మొదటిది, పెడలు తొక్కుట వెంటనే ఆపవలెను. ‘ఇంకొక్కసారి తొక్కిన దారికి వచ్చును’ అను ఆశయే చక్రపు పుల్లలను కూడ తెంపును. రెండవది, వెనుక చక్రమును పైకెత్తి, పుల్లలలో చిక్కిన చైనును మెల్లగా విడిపింపవలెను. పుల్లలు తెగియున్నచో ఎక్కి తొక్కరాదు, నడిపించుకొని రావలెను. మూడవది, చైను పిన్నును త్రోయు చిన్న పనిముట్టు ఉన్నచో, చైనును త్రెంచి, డిరైలరునుండి తప్పించి, ముందటి నడిమి చక్రమునకును, దానికి సూటిగా నుండు వెనుకటి చక్రమునకును సరిపడునట్లు కురుచ చేసి కలుపవచ్చును. అప్పుడది ఒక్క గేరు సైకిలగును. విరిగిన డిరైలరును త్రాటితో చట్రమునకు కట్టవలెను. చైను సూటిగా లేకున్న ప్రక్క చక్రముపైకి ఎగబ్రాకి బిగుసుకొనును గావున, ఇట్లు చేసినపుడు సమభూమిపై నెమ్మదిగా మాత్రమే ఇల్లు చేరవలెను. వెనుక స్ప్రింగు గల సైకిళ్ళకు ఈ యుపాయము పనికిరాదు. పనిముట్టు లేనివాడు నడిచి వచ్చుటయే క్షేమము.

ఇక కొనుగోలు. దుకాణమునకు పోవుటకు ముందు విరిగినదేదో నిర్ణయింపవలెను. హ్యాంగరు మాత్రమే విరిగినచో అది మాత్రమే కొనవలెను. కాని హ్యాంగర్ల రూపములు వందల కొలది గలవు. ఒక సైకిలుది మరియొకదానికి పట్టదు. విరిగిన ముక్కను పారవేయక వెంట గొనిపోయి, దాని రంధ్రములను, వంపును క్రొత్తదానితో ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెను. ఉక్కు చట్రములో భాగమైన హ్యాంగరు వంగినచో, కొలతపనిముట్టు గల మేస్త్రీ దానిని సరిచేయగలడు. అల్యూమినియపుదానిని ఒకసారి కొంచెముగా సరిచేయవచ్చును; మాటిమాటికి వంచినచో విరుగును.

డిరైలరే విరిగినచో నాలుగు విషయములు చూడవలెను. వెనుక ఎన్ని పళ్ళ చక్రములున్నవి, మీట ఏ సంస్థది, వెనుకటి పెద్ద చక్రమునకు ఎన్ని పళ్ళు, పంజరము పొడవెంత. మీటకును డిరైలరునకును పొత్తు కుదురుట ముఖ్యము. ‘టిక్కు’ మనినప్పుడు మీట ఎంత తీగను లాగునో, అంత తీగకు డిరైలరు సరిగా ఒక్క చక్రమంత దూరము జరుగవలెను. షిమానో సంస్థవారి ఆరు మొదలు తొమ్మిది గేర్ల వరకు గల మౌంటెన్ డిరైలర్లలో ఈ నిష్పత్తి ఒక్కటే గావున ఒకదానికి మారుగా మరియొకటి పనిచేయును. పది గేర్లవాటిలో నిష్పత్తి వేరు. కాబట్టి ఏడు గేర్ల మీటకు పది గేర్ల డిరైలరు కొనినచో, అది ఎంత వెలగలదైనను, గేరు సరిగా పడదు.

పంజరము పొడవును లెక్కచేత తెలిసికొనవచ్చును. మీ బిడ్డలచే ఈ లెక్క చేయింపుడు. ముందు 42, 34, 24 పళ్ళ చక్రములును, వెనుక 14 మొదలు 28 వరకు పళ్ళును గల సైకిలనుకొందము. ముందటి భేదము 42 లోనుండి 24 పోగా 18. వెనుకటి భేదము 28 లోనుండి 14 పోగా 14. రెండును కలిపిన 32. డిరైలరు మోయగల సామర్థ్యము 32 గాని అంతకు మించిగాని యుండవలెను. మిట్టలు తేలికగా నెక్కుటకై వెనుక 34 పళ్ళ చక్రము వేయించినచో, వెనుకటి భేదము 20 అగును; మొత్తము 38. అప్పుడు పాత డిరైలరు చాలునో చాలదో మరల చూడవలసియుండును. ఈ సంఖ్యలను తయారుచేసినవారే తమ పత్రములలో ప్రకటించుచున్నారు. దుకాణదారుని అడిగి తెలిసికొనవచ్చును.

మూడవ ప్రశ్నకు వచ్చితిమి. గేరు విరిగిన దినముననే బాలుడు, ‘ఎట్లును మార్చుచున్నాము గదా, పండ్రెండు గేర్లు వేయింతము’ అనును. ఈ కోరికను వట్టి వేడుకయని త్రోసివేయరాదు. యంత్రముపై మక్కువ గలిగిన బాలుడు దానివలన లెక్కయు, లోహపు గుణమును, ఓర్పును నేర్చును. కాని ఆ కోరిక వెంట ఏమేమి వచ్చునో ఆతనిచేతనే కాగితముపై వ్రాయింపుడు. గేర్ల సంఖ్య పెరిగినచో మీట మారవలెను. పళ్ళ చక్రములు దగ్గర దగ్గరగా నుండును గావున సన్నని చైను కావలెను. తక్కువ వెల సైకిళ్ళలో వెనుకటి పళ్ళ చక్రముల గుత్తి హబ్బుపై మరవలె తిప్పి బిగింపబడి యుండును, దానిని ఫ్రీవీలందురు. తొమ్మిది గేర్లకును అంతకు మించిన వానికిని సాధారణముగా క్యాసెట్టు పట్టు హబ్బు కావలెను. అనగా దాదాపు క్రొత్త చక్రమే. పది పళ్ళ చిన్న చక్రము గల పండ్రెండు గేర్ల క్యాసెట్టునకు ఆ హబ్బు కూడ చాలదు. షిమానోవారి మైక్రోస్ప్లైన్, స్రామ్‌వారి ఎక్స్‌డి వంటి ప్రత్యేకపు అమరిక కావలెను. ఇట్లు ఒకదానివెంట నొకటి చేర్చగా, పెట్టిన సొమ్ము సైకిలు వెలను మించును. చట్రమును, ముందటి బరువైన స్ప్రింగు ఫోర్కును పాతవే మిగులును.

కావున మార్పునకు ఒక వరుస నియమించుకొనుట మేలని మా యభిప్రాయము. మొదట బ్రేకు రబ్బర్లు లేక ప్యాడ్లు. ఏలయన ఆగలేని సైకిలునకు వేగము మేలుచేయదు. పిదప తీగలును, వాని తొడుగులును. తుప్పుపట్టిన తొడుగువలన మంచి డిరైలరును చెడ్డదివలె తోచును. పిదప టైర్లు, తారురోడ్డుమీద బడికి వచ్చువానికి ముండ్లవలె లేచిన లావు టైర్లకంటె నునుపైనవి తేలికగా నడచును. పిదప చైను. అటుపిమ్మట, గేర్ల సంఖ్య మార్చకుండగనే, షిమానోవారి టూర్నీకి మారుగా అల్టస్ లేక అసేరా వంటి పై తరగతి డిరైలరు. ఈ వరుసలో చేసిన ప్రతి మార్పును తరువాతి దానిని కోరదు, ఆగవలసినచోట ఆగవచ్చును.

బిగించు క్రమమును కూడ సంక్షేపముగా చెప్పెదము. ముందు హ్యాంగరు సరిగా నిలువుగా నున్నదో లేదో చూడవలెను. అది వంకరయైనచో తక్కిన పనియంతయు వృథా. చైను పొడవునకు గుర్తేమన, ముందటి పెద్ద చక్రమునకును వెనుకటి పెద్ద చక్రమునకును డిరైలరులో దూర్చక చుట్టి, ఆ పైన ఒక్క అంగుళము చేర్చవలెను. డిరైలరుమీద రెండు చిన్న మరలుండును. హెచ్ అను గుర్తు గలది చైను చిన్న చక్రమునకు వెలుపల పడకుండ ఆపును. ఎల్ అను గుర్తు గలది పెద్ద చక్రమును దాటి పుల్లలలోనికి పోకుండ ఆపును. ఎల్ మరను జాగ్రత్తగా సరిచూచిన పిదపనే మిట్టయెక్కవలెను. ఈ రెండును కుదిరిన తరువాత తీగను బిగించి, తీగ వచ్చుచోటనున్న గుండ్రని మరను కొంచెము కొంచెముగా త్రిప్పుచు, ఒక్కొక్క ‘టిక్కు’నకు ఒక్కొక్క గేరు పడునట్లు చేయవలెను.

చైను అరుగుదలను బడి స్కేలుతో కొలువవచ్చును. క్రొత్త చైనులో పండ్రెండు పూర్తి లంకెల పొడవు, పిన్ను నడుమనుండి పిన్ను నడుమకు, సరిగా పండ్రెండు అంగుళములుండును. అది అంగుళములో పదునారవ వంతు పెరిగినచో చైను మార్చవలెను. ఎనిమిదవ వంతు పెరుగువరకు ఆగినచో పళ్ళ చక్రములు కూడ అరిగియుండును. అప్పుడు క్రొత్త చైను వేసినను జారును. సకాలమున చైను మార్చుటచే పెద్ద ఖర్చు తప్పును. వానలో తడిసిన చైనును ఆ సాయంకాలమే గుడ్డతో తుడిచి, కొలదిగా నూనె వేసి, పైనున్న నూనెను మరల తుడువవలెను. కారునట్లు నూనె పోసినచో దుమ్ము పట్టి ఆకురాయివలె అరగదీయును.

ఇక సంఘమువారికి మా మనవులు మూడు. బడిలో ఒక పనిముట్ల పెట్టె యుండవలెను. అందు అలెన్ కీలు, చైను పిన్ను త్రోయు పనిముట్టు, స్క్రూడ్రైవరు, కొన్ని తీగలు, మన విద్యార్థుల సైకిళ్ళకు సరిపడు హ్యాంగర్లు రెండు మూడు చాలును. సైకిళ్ళు ఒకదానిపై నొకటి పడకుండ షెడ్డులో ఇనుప కమ్ములు వేయింపవలెను. పై తరగతుల విద్యార్థులకు ఈ పని నేర్పి, వారిచే చిన్నవారికి తెలుగులో వివరింపజేయవలెను. మన బిడ్డలు ఈ భాగముల పేర్లను దుకాణములలో పరుల నోట విని నేర్చుచున్నారు. డిరైలరు, హ్యాంగరు అను మాటలు అట్లే యుండనిండు. కాని అది ఎందుకు వంగినది, ఎట్లు సరియగునో చెప్పు వాక్యము తెలుగు వాక్యము కావలెను. పాఠ్యపుస్తకములో మాత్రమే పలుకు భాష పనిపాటులలో పలుకకున్న, బిడ్డలకది పరీక్షల భాషగా మిగిలిపోవును.

పోషక మహాశయులకు మా మనవి ఒక్కటే. సైకిలు ఆగినచో ఆ దినముననే బడికి కబురు పంపుడు. సొమ్ము సమకూరువరకు వేచియుండవలదు, సిగ్గుపడవలదు. విరిగినదేదో కలిసి చూతము. మరమ్మతు ముగియువరకు ఆ బిడ్డను మరియొక సైకిలు వెనుక కూర్చుండబెట్టి తెచ్చు ఏర్పాటును కలిసియే చేయుదము.